వల ముట్టని వదిన

12 ఫిబ్రవరి 1967, డిగ్నాబాద్

పిల్లలు పుట్టకుండా వేసే లూప్ క్యాంపు ఇవాళ్టితో అయిపోయింది. మా జాలరి ఇళ్ళ లైన్లో పదకొండుమందిని నేనే తీసుకెళ్ళాను. ముందు బుల్లమ్మ వదిన. ముగ్గురు పుట్టాక ఇక చాలనే హక్కు ఆడదానికి లేదా? కరపత్రం అందరికీ చదివి వినిపించాను. నొప్పి ఉండదు, దేశానికి మేలు, అమెరికాలోనూ ఇదే వాడుతున్నారు. సాయంత్రం డాక్టర్లు మా దీవి వదిలి షిప్పెక్కేశారు. టార్గెట్ దాటిందని కంపౌండరు నాకు చాయ్ ఇప్పించాడు.

3 మార్చి

ముట్టయిన ఆడది వల తాకితే చేపలు పడవని అమ్మ నమ్మకం. వదిన మొన్నా వల ముట్టలేదు, ఇవాళా ముట్టలేదు. ఈ మూఢనమ్మకాలకి నువ్వు కూడా వంత పాడతావా అని కేకలేశాను. తల వంచుకుని లోపలికి పోయింది.

9 మార్చి

వదిన అన్నయ్యతో షిప్పు దిగిన రోజు గుర్తొచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. విశాఖ నుంచి నాలుగు రోజులూ వాంతులే. అయినా జెట్టీ దిగగానే దోసిట్లో నీళ్ళు తీసి నాలిక మీద వేసుకుంది. ఇక్కడి సముద్రమూ ఉప్పగానే ఉంది, పరవాలేదు బతికేస్తానని పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆరేళ్ళూ లైను చివరిదాకా వినబడేది. సాయంత్రాలు వల బాగుచేస్తూ, దారం పళ్ళ మధ్య పట్టుకుని, నాకు జడ వేసేది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయింది?

14 మార్చి, పొద్దున

నీళ్ళ పంపు దగ్గర వదిన పడిపోయింది. చీరంతా నెత్తురు. క్యాంపు నాటి నుంచీ ఆగలేదట. నెల రోజులు! ఎందుకు చెప్పలేదని దానికీ అరిచాను.

"నీకు కోపం వొస్తాదని సెప్పనేదే, సిన్నమ్మీ. అంత సరదాగా తీసికెల్లినావు గదా."

14 మార్చి, సాయంత్రం

కొన్నాళ్ళు అలాగే ఉంటుందని, తియ్యాలంటే క్యాంపు డాక్టర్లే రావాలని ఆసుపత్రిలో కంపౌండరు అన్నాడు. వాళ్ళెప్పుడొస్తారో తెలీదట. వాళ్ళ రిజిస్టర్లో లూప్ వేసిన తేదీకి గడి ఉంది. తర్వాత ఆ మనిషి ఎలా ఉందో రాయడానికి లేదు. దాన్ని గోడకేసి కొట్టాను. గోల విని లేడీ డాక్టరు వచ్చింది. వదిన కనురెప్ప దించి చూసి, ఇంకేమీ అడక్కుండా లూప్ తీసేసింది. అన్నయ్య రక్తం ఇచ్చాడు.

16 మార్చి

కరపత్రం మళ్ళీ చదివాను. జనాభా ఉంది, దేశం ఉంది, ప్రపంచం ఉంది. వదిన లేదు.

17 మార్చి

ఆగింది. గంజి తాగింది.

18 మార్చి

మిగతా పదిమందినీ చూసి రావాలని బయల్దేరాను. మొదటి ఇంట్లో ఎరుకమ్మ దీదీ తలుపు సగమే తీసింది.

"ఇప్పుడెవులు పంపినారు నిన్ను?"

ఎవరూ పంపలేదన్నాను.

తలుపు పూర్తిగా తీసింది.