కాకిరెట్ట తుడిచిన పట్టుకండువా

ఆదివారం, రాత్రి

ఇవాళ బావ మొహం చూడాలి!

మా పాత డిస్కో బంతి మీద అద్దం ముక్కలన్నీ నాన్న తన చేత్తో అతికించినవి. ఎక్కడో విదేశీ డాన్సు హాళ్ళలో తిరిగేలాంటి వస్తువు, ఒక్క లైటు వేస్తే చాలు, బాపులపాడు పెళ్ళి పందిట్లోనూ చుక్కలు దింపేది. నాన్న పోయాక మా లైటింగ్ షాపు లాక్కున్న బావ, "పాత చింతకాయ పచ్చడి" అంటూ దాన్ని చిలకల్ని బెదరగొట్టడానికి తన తోటలో మామిడిచెట్టుకి కట్టాడు. చిలకలు రావడం మానేశాయి, అది వేరే సంగతి.

ఇవాళ ఆ తోటలోనే మేనకోడలి రిసెప్షన్. పాట మధ్యలో బావ తెప్పించిన ఎల్‌ఈడీ స్క్రీన్ ఆగిపోయింది.

"మావయ్యా, తాతయ్య బంతి తిప్పవా?" అంది పెళ్ళికూతురు.

బావ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కాస్త దింపి పెట్టవయ్యా."

"కట్టింది మీరేగా బావగారూ, మీరే దింపండి."

పట్టుపంచె ఎగ్గట్టి నిచ్చెనెక్కాడు. అందరి ముందూ బంతి మీది కాకిరెట్టని పట్టుకండువాతో తుడిచాడు. నా కడుపుమంట కాస్త చల్లారింది.

బంతి తిరగగానే ముసలాళ్ళు కూడా నేల మీది చుక్కల్ని తొక్కాలని లేచారు. నాన్న ఉండుంటే...

అందరూ భోజనాల దగ్గరుండగా బంతిని ఇంటికి తెచ్చేశాను. తోటలో రసాలు కోతకొచ్చాయి. తెల్లారితే చిలకలు దిగుతాయి. తిననీ.

ఆ తోట నాన్న మా అక్కకి పసుపు కుంకుమ కింద ఇచ్చింది. చెట్లు నాటిందీ నాన్నే.

అయినా సరే, తిననీ.