ఊరు చూడ్డానికి వచ్చాను

అల్ అజీజియా, అల్ ఖోబర్,
సౌదీ అరేబియా.
6-4-2014, ఆదివారం

గౌరవనీయులైన మా ఇంటాయన చెంచయ్య గారి సముఖానికి,

మీ భార్య చిట్టెమ్మ నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ నేను ఒంట్లో ఏ లోటూ లేకుండా ఉన్నాను. అక్కడ మీరు, మన ప్రేమలత, చూడి గేదె అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇంటర్ పరీక్షలు బాగా రాశానని పాప ఫోన్లో చెప్పింది, సంతోషం.

భర్తకు ఉత్తరం రాసేటప్పుడు ఇలా మొదలుపెట్టాలని ఏడో తరగతిలో మా టీచరమ్మ నేర్పించింది కాబట్టి ఇంతవరకూ మీరు అని రాశాను. ఇక నా వల్ల కాదు. పంతొమ్మిదేళ్లు నువ్వు అని పిలిచి, ఇప్పుడు కోపంలో మీరు అంటుంటే ఎవరో పరాయి మనిషితో మాట్లాడుతున్నట్టుంది.

ఫోనుండగా ఉత్తరం ఎందుకంటావేమో. మొన్న శుక్రవారం మనం ఇరవై నిమిషాలు మాట్లాడుకుంటే అందులో నేను మాట్లాడింది రెండు నిమిషాలు. అది కాదయ్యా అని నేను నోరు తెరిచేలోపే నువ్వు అందుకున్నావు. కాగితం మీదైతే ఆ వీలు నీకుండదు.

నువ్వు చెప్పిందంతా విన్నాను. "ఆయమ్మ కాళ్లు పట్టుకో. తప్పయిందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతాది? నాకా పని ల్యాకపాయ. ఉండేది నీదొక్కటే" అన్నావు. నువ్వన్నది అబద్ధం కాదు. నువ్వు తిరిగి వెళ్లినప్పటి నుంచి మన ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ పనితోనే, పాప పైచదువు ఆధారపడ్డదీ దీని మీదే. ఇక్కడి యజమానులు నాకు గురువారం దాకా గడువు పెట్టారు. ఆ సాయంత్రం వాళ్ల చుట్టాల ఆడవాళ్లందరూ కూడినప్పుడు, మా యజమాని బాబా వాళ్ల అమ్మ తల మీద ముద్దుపెట్టి, నేను చేసింది సిగ్గుమాలిన పని అని నా నోటితో నేను అనాలి. అంటే ఉద్యోగం ఉంటుంది. అనకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపించేస్తారు.

నేను అనను. ఎందుకు అననో చెప్పడానికే ఈ ఉత్తరం. చిట్టెమ్మ పరాయి దేశంలో రోజుల తరబడి ఎక్కడెక్కడో తిరిగిందని కోడూరులో అనుకుంటున్నారని నువ్వు ఫోన్లో నసిగావు. నసగడం దేనికి? తిరిగాను. ఒక్కదాన్నే తిరిగాను. ఎలా తిరిగానో విను.

బడి సెలవులకు పది రోజులు మలేషియాలో కౌలాలంపూర్ పోతున్నామని మామా చెప్పినప్పుడు నేను సంబరపడ్డ మాట నిజం. యజమానురాలు కాబట్టి మామా అని పిలవడమే గానీ ఆవిడ నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. ఇన్నేళ్లలో నేను చూసిన ఊరంటే ఖోబర్ సముద్రం ఒడ్డు, అదీ కారు అద్దంలోంచి. విమానంలో నలుగురు పిల్లలకూ తినిపించి, మూతులు తుడిచి, నాలుగేళ్ల నూరాను భుజాన వేసుకుని దిగాను. లైన్లో నిలబడ్డాక బాబా వెనక్కి తిరిగి నాకు పాఠం చెప్పాడు. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే సియాహా అను, ఊరు చూడ్డానికి అను, పని అనే మాట నోట్లోంచి రానివ్వకు అన్నాడు. పని అంటే ఇంకేవో కాగితాలు కావాలట. మామా నా చేత మూడుసార్లు వల్లె వేయించింది.

అద్దం వెనకాల తలకు గుడ్డ చుట్టుకున్న ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది, ఆఫీసరు. నన్ను అడిగింది. టూరిస్ట్ అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, ముద్ర గుద్ది, ఏదో శుభం పలికినట్టుగా తల ఊపింది. పాస్‌పోర్టు నా చేతికి రాలేదనుకో, బాబా సంచిలోకి పోయింది. అయినా నన్ను చూసి నవ్వింది కదా అనుకున్నాను.

నాలుగో రోజు జంట టవర్ల దగ్గరికి వెళ్లాం. రెంటినీ కలుపుతూ ఆకాశంలో ఒక వంతెన ఉంది, టికెట్టు కొంటే దాని మీద నడవొచ్చు. నాకు తప్ప అందరికీ కొన్నారు. నేనూ పైకి వస్తానని అడిగాను. ఎనిమిదేళ్లలో నా కోసం నేను అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మామా నవ్వి, "నువ్వు చూసి ఏం చేస్తావు?" అంది. తిట్టలేదు, కసరలేదు, ఉప్పు ఎక్కడుందని అడిగినంత మామూలుగా అంది. కింద పార్కులో ఒక చెట్టు కింద పిల్లల తోపుడుబండికీ సంచులకూ కాపలాగా మూడు గంటలు కూర్చున్నాను. తిట్టి ఉంటే సాయంత్రానికి మర్చిపోయేదాన్ని.

అక్కడ కూర్చుని ఉంటే నీ సంగతి గుర్తొచ్చింది. నితాకత్ అని పరాయి దేశాలవాళ్ల కాగితాలు ఊరూరా తనిఖీ చేసిన నవంబరులో, దమ్మామ్‌లో కూరగాయల వ్యాను తోలుతూ నువ్వు దొరికావు. నీ ఇకామా కార్డులో నీ పని గొర్రెల కాపరి అని ఉంది. ఆ కాగితం చేసి నీకమ్మిన సౌదీ యజమాని, ఆ కఫీలు, వాళ్ల ఇంట్లో చల్లగా ఉన్నాడు. ఒక్క గొర్రెను కూడా చూడని నువ్వు పదకొండు రోజులు తర్హీల్ జైల్లో, దేశం నుంచి తిప్పి పంపేయబోయే జనం మధ్య నేల మీద పడుకుని, పది వేళ్లూ ముద్ర వేసి విమానమెక్కావు. ఆ రోజుల్లో నేను మా బాబా ముందు నిలబడి ఏడ్చాను. ఆయనకు తెలిసినవాళ్లున్నారు, ఒక్క ఫోను చేస్తే చాలు. ఆయన ఏమన్నాడో నీకు ఇంతవరకూ చెప్పలేదు, నీ మనసు ఇంకా నొచ్చుకుంటుందని. "మనిషి కాగితంలో ఏముంటే ఆ పనే చేయాలి, అది నిజాం" అన్నాడు. నిజాం అంటే వీళ్ల భాషలో చట్టం. లోపలికి పోయి గిన్నెలు తోముకున్నాను.

సరే, అదే నిజాం అయితే నా కాగితంలోనూ ఊరు చూడ్డానికి అనే ఉంది.

ఐదో రోజు పొద్దున తలస్నానం చేసి, పెట్టె అడుగున దాచుకున్న ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. మామా నూరాను నా చేతికి ఇవ్వబోయింది. నేను చేతులు చాపలేదు. నాకు జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది పాపం. అప్పుడు చెప్పాను. "మామా, ఈ దేశంలో నేను సియాహా. పిల్లను ఎత్తుకుంటే పని చేసినట్టు. పట్టుకుంటారు."

బాబా నిద్ర ముఖంతో బయటికొచ్చాడు. ముందు నవ్వాడు, తర్వాత అరిచాడు, చివరికి తనే పోలీసులను పిలుస్తానని ఫోను తీశాడు. పిలవమన్నాను. వాళ్లొచ్చి అడిగితే మీరు నేర్పిందే చెబుతానన్నాను. మా ఆయన గొర్రెలు కాయకుండా వ్యాను తోలాడని పంపించేశారు, నేను ఊరు చూడకుండా పని చేస్తే నన్నేం చేస్తారో మీరే చెప్పండని అడిగాను. ఆయన ఫోను మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. నాకు భయమేసింది, నీ దగ్గర దాచడమెందుకు. కానీ అరబ్బీలో ఒక్క మాట కూడా తడబడలేదు.

నూరా నా చీర కుచ్చిళ్లు పట్టుకుని ఏడ్చింది. దాని చేతులు విడిపించుకుని బయటికి రావడమే ఆ రోజు నేను చేసిన కష్టమైన పని.

ఈద్‌కు ఇచ్చిన రియాళ్లు హోటల్ కిందే మార్చుకున్నాను. హోటల్ కార్డు జాకెట్లో దోపుకున్నాను. అక్కడ రైలు రోడ్ల మీదుగా, ఇళ్ల మీదుగా, స్తంభాల మీద పోతుంది. దానికి డ్రైవరు లేడయ్యా. ముందు అద్దం దగ్గర నువ్వు కూర్చోవాల్సిన చోట జనం నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేనూ అక్కడే నిలబడి చివరి స్టేషను దాకా పోయాను, దిగి, మళ్లీ ఎక్కి, ఈ చివరి దాకా వచ్చాను. ఇక్కడ తనిఖీలు పెడితే ఎవర్ని పట్టుకుంటారో అనుకుని ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్కనున్న చీనా ముసలాయన కూడా ఊరికే నవ్వాడు.

బ్రిక్‌ఫీల్డ్స్ అని ఒక పేట ఉంది, అంతా అరవవాళ్లు. తిరుపతి బస్టాండులో పూలమ్మేటప్పుడు నేర్చుకున్న అరవం అక్కడ అక్కరకొచ్చింది. ఒక పూటకూళ్లమ్మ అరిటాకు వేసి అన్నం, చేపల పులుసు పెట్టి, పనికొచ్చావా, ఊరు చూడ్డానికొచ్చావా అని అడిగింది. ఊరు చూడ్డానికి అన్నాను. ఎవరూ నేర్పకుండా నా అంతట నేను అన్నది అదే మొదటిసారి. తిన్నాక అలవాటుకొద్దీ లేచి ఆకు తీయబోతే, కూర్చోమ్మా, అది మా పని అని నా ముందు నుంచి ఆకు తీసేసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పులుసు కారమనుకుని ఇంకో గ్లాసు మజ్జిగ పోసింది.

టవర్ల దగ్గరికి పోయేసరికి ఆ రోజు టికెట్లు అయిపోయాయి. వాన పట్టుకుంది. మళ్లీ ఇలాంటి వాన ఎప్పుడో అని గొడుగులవాళ్ల మధ్య తడుస్తూనే నడిచాను. సాయంత్రం హోటల్‌కు తిరిగొస్తే నాతో ఎవరూ మాట్లాడలేదు. మామా పిల్లలకు తనే అన్నం పెడుతోంది, నడిపివాడు చొక్కా అంతా పోసుకున్నాడు. నా చేతులు ఊరుకోలేదు. వాటి మీద నేనే కూర్చున్నంత పనైంది.

మరునాడు తెల్లవారగానే పోయి లైన్లో ముందు నిలబడ్డాను. మెడలో ఒక బిళ్ల తగిలించి లిఫ్టులో పైకి పంపారు. వంతెన మీద అందరూ దూరంగా కొండలనూ మేడలనూ చూస్తుంటే నేను కిందికి చూశాను. మొన్న నేను కూర్చున్న చెట్టు కనిపించింది. దాని కింద ముగ్గురు ఆడవాళ్లు తోపుడుబండ్లు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లు ఏ దేశంవాళ్లో అంత ఎత్తు నుంచి తెలియదు, ఎవరి పిల్లల కోసం కూర్చున్నారో మాత్రం తెలిసింది. చూసి ఏం చేస్తావని అడిగింది కదా, నేను చూసింది అది. నా టైము అయిపోయిందని వాళ్లు పిలిచేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

నేను పారిపోలేదు. ఒక్క పైసా తీయలేదు. మిగిలిన రోజులూ అలాగే ఊరు చూసి, వాళ్లతోపాటే విమానమెక్కాను. దమ్మామ్‌లో దిగగానే నా ఇకామాలో ఇంటిపని అని ఉంది కాబట్టి, ఇల్లు చేరిన గంటలో చీపురు పట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పనిలో ఒక్క వంక పెట్టమను చూద్దాం. నూరాకు మాత్రం క్షమించమని చెప్పాను. ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ రోజు నిన్ను ఏడిపించాను, తప్పు నాదే అని చెప్పాను. దానికి చెప్పాల్సిన బాకీ ఉంది. పెద్దవాళ్లకు లేదు.

నువ్వు కాళ్లు పట్టుకోమన్నప్పుడు నాకు కోపం కంటే బాధే ఎక్కువ కలిగింది. తర్హీల్ నుంచి వెళ్లాక నువ్వు తల ఎత్తి మాట్లాడటం మానేశావని పాప చెప్పింది. తప్పు చేసినవాడిలా ఎందుకుంటావు? ఎండలో వ్యాను తోలడం తప్పా? నేను గురువారం ఆ ముసలమ్మ తల మీద ముద్దుపెట్టి నాది సిగ్గుమాలిన పని అంటే, నీది కూడా సిగ్గుమాలిన పని అని ఒప్పుకున్నట్టే. అది నా ప్రాణం పోయినా అనను. పని పోతే పోనీ. కోడూరులో బొప్పాయి తోటలు ఎక్కడికీ పోలేదు, కోతకు ఇద్దరం పోదాం. పాప చదువు ఆగనివ్వను, అది నా పూచీ.

ఇన్నాళ్లూ ఈ మాటలన్నీ నీతో అనాలని ఉండేది. ఇప్పుడు గుండె తేలికైంది. పాపకు ముద్దులు. గేదె ఈనితే జున్ను పక్కవాళ్లకు కూడా పెట్టు.

ఇట్లు,
భయం తీరిన
నీ చిట్టెమ్మ

తా.క.: పైదంతా గురువారానికి ముందు రాసి, పోస్టు చేయకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. కవరు మీద స్టాంపు లేదని నువ్వు ఈపాటికి చూసే ఉంటావు. గురువారం పొద్దున మామా వంటింట్లోకి వచ్చి తలుపు వేసి, అందరి ముందూ వద్దులే, ఇక్కడ నాతో ఒక్క మాట అను, ఎవరికీ చెప్పను, జీతం కూడా పెంచుతాను అంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి, నూరా నా కోసం అన్నం మానేసిందట. అక్కడ నా నోరు దాదాపు తెరుచుకుంది. నువ్వు, పాప, పొయ్యి అన్నీ కళ్ల ముందు కదిలాయి. అయినా అనలేదు. ఫైనల్ ఎగ్జిట్ నేనే అడిగాను. పాస్‌పోర్టు నా చేతికిచ్చారు, ఇప్పుడు నా ఒళ్లో ఉంది. ఈ నాలుగు ముక్కలు చెన్నైలో దిగి, తిరుపతి దాటి, కోడూరు బస్సులో రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకరపోతున్నాయి. ఇల్లు చేరాక దీన్ని పాప చేతికిచ్చి లోపలికి పంపిస్తాను. నువ్వు ఇది చదువుతున్నప్పుడు నేను అరుగు మీదే కూర్చుని ఉంటాను. లోపలికి రమ్మని నువ్వు పిలుస్తావా లేదా అని ఎదురుచూస్తున్నాననుకోకు, ఆ ఇంటి పట్టా నా పేరు మీదే ఉంది. బస్టాండు నుంచి ఎండలో నడిచొచ్చాను కాబట్టి కూర్చున్నాను. చదవడం అయిపోతే లేచి, కాళ్లు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు పట్టుకురా.