మోకాలు వంచక్కర్లేని టాక్సీ

అక్కా, ఇక్కడ అందరం కులాసా. కొత్త టాక్సీ కొన్నాను. స్టాండులో వాళ్ళు "బీరువాకు చక్రాలు బిగించినట్టుంది" అని నవ్వుతున్నారు, నవ్వనీ. తలుపు బాగా ఎత్తు. నిన్న చేతికర్రతో వచ్చిన ఒక పెద్దావిడ అలవాటుకొద్దీ నడుం వంచి ఎక్కబోయింది. "వంగక్కర్లేదమ్మా" అన్నాను. ఇల్లు వచ్చాక దిగకుండా "ఇంకో వీధి తిప్పు నాయనా" అంది! అన్నీ ఆలోచించి ఈ బండి చేసిన మహానుభావులు డ్రైవరు అన్నం క్యారేజీకి చోటు పెట్టలేదు. సీటు వెనక తగిలించడానికి ఒక సంచి కుట్టి పంపు. చిన్నదాని దగ్గు తగ్గిందా? బావకు నమస్కారాలు.

పాత బండిలోంచి ఇద్దరం లాగితేగానీ దిగలేక, "మళ్ళీ నీ టాక్సీ ఎక్కితే ఒట్టు" అన్నావుగా. అందుకే కొనేముందు ప్రతి బండీ నీలా కుడి మోకాలు వంచకుండా ఎక్కి దిగి చూశాను. అమ్మేవాడు నాకే నొప్పులనుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి రా.

నీ తమ్ముడు