విప్పిన ప్లగ్గు

అక్కా, నేను కులాసా. షెడ్డులో నాన్న బండి దానంతటదే స్టార్టవుతోందని రాశావు. భయపడకు. ఆయన పోయాక దాని స్పార్కు ప్లగ్గు నేనే విప్పి, తెల్లగా తోమి, గుడ్డలో చుట్టి ఇక్కడికి తెచ్చుకున్నాను. ప్లగ్గు లేని ఇంజను తలకిందులుగా తపస్సు చేసినా రాజుకోదు. నీకీ ధైర్యం చెబుదామనే కార్డు కొన్నాను.

తీరా ఇవాళ ఫ్యాక్టరీలో పనిముట్ల పెట్టె తెరిస్తే ఆ గుడ్డ కమిలిపోయి ఉంది. ప్లగ్గు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. తెల్లటి కొన ఇటుక రంగుకి తిరిగింది. కొత్త ఇంజన్లు పరీక్షించే మా మేస్త్రీ ప్లగ్గు రంగు చూసి బండి నడక చెప్పేస్తాడు. ఎవరిదో చెప్పకుండా ఆయన చేతికిచ్చాను.

"ఇప్పుడే విప్పుకొచ్చావేంట్రా? పాపం, ఎవరోగానీ ఎక్కడా ఆగకుండా చాలా దూరం తోలారు," అన్నాడు.

ఇక్కడ చలి మొదలైంది, నా ఉన్ని కోటు పంపు. అమ్మ కళ్లజోడు బాగుచేయించావా? షెడ్డుకి తాళం వెయ్యమని పోయినసారి రాశాను, తీసెయ్యి. వచ్చేసరికి తలుపు వేసుంటే నాన్నకి ఎంత చిరాకో నీకు తెలుసుగా. అమ్మకు నా దండాలు చెప్పు. ఇంజను ఆగిన చప్పుడు వినిపిస్తే ఆయనకీ చెప్పు.

తమ్ముడు