పేజీలు తిప్పే మనిషి

తమ్ముడూ,

మీ కాలేజీ సంగీతోత్సవంలో ఈసారి కూడా నీ పియానో పక్కన కూర్చుని స్వరాల పేజీలు తిప్పమని కబురు పెట్టావు. నేను రాను. పోయినసారి ప్రోగ్రాం కాగితంలో నేను కట్టిన బాణీ కింద నీ పేరు చూసి కూడా, పేజీలు తిప్పాను. మూడో పేజీ మధ్యలో వాయిద్యం కాసేపు ఆగుతుందే, ఆ నిశ్శబ్దం అద్భుతమని ప్రిన్సిపాల్ గారు స్టేజీ మీదే మెచ్చుకుంటే, సిగ్గు లేకుండా చేతులు జోడించావు.

అది గొప్పతనం కాదురా. నేనా బాణీ రాస్తూ అక్కడికి వచ్చేసరికి, మంచాన పడ్డ అమ్మ నిన్ను పిలిచింది. నువ్వు ఇంట్లో లేవు. నేనే లేచి వెళ్ళాను. తిరిగొచ్చాక, రాస్తూ ఆపిన చోట మిగిలిన ఆ ఖాళీని పూడ్చడానికి మనసు రాలేదు.

ఈసారి వాయిస్తూ ఆ ఖాళీ దగ్గరికి వచ్చినప్పుడైనా అమ్మ పిలుపుకు పలుకు.

అక్క