ఆరో పేజీ నిలబడింది

తిరుపతి,
సోమవారం సాయంత్రం

నాయనా,

నా లెక్క నిలబడింది. ముందు ఆ మాట రాసి, తర్వాత మిగతాది చెబుతున్నాను.

ఆరో పేజీలో తప్పుందనీ, ఈ సోమవారంలోగా సరిచేయకపోతే పరిశోధన అంశమే మార్చుకోవాలనీ మా గైడు సార్ అన్నారు. నువ్వు దిగులుపడతావని ఫోన్‌లో చెప్పలేదు. రెండేళ్ల పని పోయేది.

పన్నెండును మూడు, నాలుగుగా విడగొట్టినట్లే నేను మాత్రికను విడగొడతాను. మాత్రిక, ఎంత మంచి మాటో చూడు. గళ్లలో పేర్చిన పట్టిక అది. నా పట్టికలో సంఖ్యలకు బదులు ప్రమేయాలు, అంటే చోటును బట్టి విలువ మారే రాశులు ఉంటాయి. విడగొట్టిన రెండింటిలో ఒకటి, గీసుకున్న ఒక వృత్తం లోపల ఎక్కడా తెగకుండా సక్రమంగా ఉండాలి, రెండోది బయట. సంఖ్యలైతే ఏది ముందు రాసి గుణించినా ఒకటే. మాత్రికలకు అలా కుదరదు. నేను అలవాటు కొద్దీ వాటిని తారుమారు చేశాను.

ఆ తప్పు పట్టించింది నీతో మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసే గౌస్ మామ. చిన్నప్పుడు సెలవుల్లో నేను ఇంకా నీళ్లు పోసి రుద్దని పలకకు ఫ్రేము బిగిస్తే, "ఏంది పిల్లా, చొక్కా తొడిగినాక నీళ్లు పోస్తావా?" అని నవ్వినాడు కదా. శనివారం మెస్సులో అన్నం కలుపుతుంటే ఆ మాట గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కుని గదికి పరుగెత్తాను. వరస మార్చి రాస్తే పేజీ అంతా కుదురుకుంది.

ఈ రోజు సార్ మూడుసార్లు చదివి, "నాకు తెలిసి ఇది ఎవరూ చెయ్యలేదమ్మా" అన్నారు.

దేనికి పనికొస్తుందని అడుగుతావు. నాకింకా తెలియదు. కానీ మొన్నటిదాకా ఎవరికీ తెలియని నిజం ఇది. సార్ తర్వాత చెబుతున్నది నీకే.

నీ కూతురు