సాక్షి గిన్నె

జూలై 12

ఈ ఉదయం మా సైకిల్ జట్టులో ఐదుగురు పందెం వదిలేశారు. వాంతులు, చలిజ్వరం. నిన్న రాత్రి నేను వండిన కోడే కారణమని మేనేజర్ గిస్లాన్ చెప్పాడు. నాతో కాదు, టీవీతో. వంట లారీలో క్యారెట్లు తరుగుతూ రేడియో వార్తల్లో విన్నాను.

ఆ కోడి నేనూ తిన్నాను. మెకానిక్కులు తిన్నారు. బస్సు డ్రైవర్ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మంచమెక్కింది మాత్రం భోజనమయ్యాక, ఏ జబ్బూ లేకుండానే, జట్టు డాక్టర్ గదికి వెళ్లిన ఐదుగురే. అక్కడేం ఇచ్చారో, ఏం జరిగిందో నాకు తెలియదు. తెలియనిది రాయను.

జూలై 13

మా ఊరు బ్రెస్ట్ నుంచి అమ్మ ఫోన్. ఒరేయ్ ఎర్వాన్, బళ్లో అన్నేళ్లు వండావు, ఒక్క పిల్లాడికి కడుపునొప్పి రాలేదు, ఇప్పుడేం తగలబెట్టావురా అంది. నేనేం చెయ్యలేదన్నాను. మరి టీవీ వాడు అబద్ధమాడతాడా అంది.

బడి వంటశాలలో ఒక నియమం ఉంది. ప్రతి వంటలోంచి కొంచెం తీసి ఐదు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎవరికైనా జబ్బు చేస్తే ల్యాబ్‌లో పరీక్షిస్తారు. దాన్ని సాక్షి గిన్నె అంటాం. ఈ లారీలో ఆ నియమం లేదు. నాకు అలవాటు పోలేదు.

పదకొండో తేదీ కోడి ఫ్రిజ్‌లో ఉంది.

జూలై 14

గిస్లాన్‌కు చెప్పాను, పరీక్షకు పంపుదామని. ఎవడు దాచమన్నాడు నిన్ను, పారెయ్ అన్నాడు. తర్వాత భుజం మీద చెయ్యేశాడు. చూడు ఎర్వాన్, కోడి పాడైందంటే జనం రెండ్రోజులు నవ్వి మర్చిపోతారు, ఇంకోటంటే అందరి ఉద్యోగాలూ ఊడతాయి అన్నాడు. ఇంకోటంటే ఏమిటని అడిగాను. కోడి అన్నానా లేదా అన్నాడు.

జూలై 15

ల్యాబ్‌కు నేనే ఫోన్ చేశాను. జట్టు అడగాలట, లేదా అధికారులు అడగాలట. వంటవాడు అడిగితే కుదరదట.

విలేకరి సొలెన్‌ను కలిశాను. ల్యాబ్ కాగితం లేకపోతే అది ఉత్త గిన్నే కదండీ అంది. ఆమె తప్పేం లేదు.

జట్టులో అందరికన్నా పెద్దవాడు లోయిక్. డాక్టర్ గదికి వెళ్లలేదు, ఇంకా తొక్కుతున్నాడు. నువ్వు ఉప్పు చూసుకో బాబాయ్, మిగతావి చూడకు అన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు, ఈసారి నవ్వలేదు.

పక్క జట్టు మెకానిక్కులు నన్ను చూస్తే చాలు, కొక్కొరొకో అంటున్నారు.

జూలై 16

ఐదో రోజు. ఈ రాత్రి దాటితే సాక్షి చెల్లదు.

సాయంత్రం గిస్లాన్ విలేకరులను బస్సు దగ్గరికి పిలిపించాడు. నేను పక్కన నిలబడి క్షమాపణ చెప్పాలి. చెబితే వచ్చే ఏడాదీ ఉద్యోగం ఉంటుంది.

గిన్నె, ఫోర్కు పట్టుకుని వెళ్లాను. ఇది ఆ రాత్రి కోడే అన్నాను. బస్సు మెట్టు మీద కూర్చుని చల్లగానే తిన్నాను, మొత్తం. ఉప్పు కొంచెం తక్కువైంది. పిచ్చి పట్టిందా నీకు అని గిస్లాన్ పళ్లు కొరికాడు. మీకేమైనా అయితే అని సొలెన్ అడిగింది. అదే రాసుకోండి అన్నాను.

ఆమె గిస్లాన్ వైపు తిరిగింది. ఈయనకేమీ కాకపోతే ఆ ఐదుగురికీ ఏమైందంటారు అని అడిగింది. అతను బస్సెక్కి తలుపు మూసుకున్నాడు.

జూలై 17, ఉదయం ఆరు

నాకేమీ కాలేదు. లారీకి తాళం మార్చారు. ఆకలేస్తోంది.